సాంబ్రాణి, తులసి, మనీప్లాంట్ పెడితే ఇంట్లో గాలి శుభ్రమైపోదు: ఆ ఫార్వర్డ్‌కి నా సమాధానం

ఈ మధ్య మా తిరుపతిలో అపార్ట్‌మెంట్ గ్రూపులు, స్కూల్ పేరెంట్స్ గ్రూపులు, చుట్టాల గ్రూపులు, యాడ చూసినా ఒకటే మెసేజ్ తిరగతా ఉంది, "ఇంట్లో గాలి శుద్ధికి ఐదు సూత్రాలు" అని. దాంట్లో ఏముందంటే, బెడ్‌రూంలో మనీప్లాంట్, స్నేక్ ప్లాంట్ పెడితే విషవాయువులన్నీ పీల్చేస్తాయని నాసా చెప్పిందంట. తులసి రోజుకి 20 గంటలు ఆక్సిజన్, మిగతా 4 గంటలు ఓజోన్ ఇస్తుందంట. తలుపులు మూసి సాంబ్రాణి, కర్పూరం పొగ వేస్తే గాల్లో 94 శాతం బ్యాక్టీరియా చచ్చిపోతుందంట. రోడ్డు దుమ్ము రాకుండా కిటికీలు బిగించుకుని ఏసీ వేసుకుంటే అదే గాలిని ఫిల్టర్ చేస్తుందంట. చివరగా గది మూలలో గిన్నెతో కల్లుప్పు పెడితే తేమ, చెడుగాలి రెండూ పోతాయంట.

చదివి గమ్మున వదిలేయొచ్చు కదా అంటారేమో, వదల్లేను. నెబ్యులైజర్ పెట్టించుకునే పిల్లలు, ఆయాసంతో రాత్రంతా కూర్చునే పెద్దవాళ్ళు ఉన్న ఇళ్ళల్లో దీన్ని నమ్మి నిజంగానే తలుపులు బిగించి పొగ వేస్తా ఉన్నారు. అందుకే వరుస తప్పినా సరే పొగతోనే మొదలుపెడతా, ప్రమాదం దాంట్లోనే జాస్తి.

94 శాతం అనే లెక్క ఎవరో కల్పించింది కాదు, దానికొక మూలం ఉంది. లక్నోలో నేషనల్ బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు 2007లో ఒక పేపర్ వేశారు, మూసిన గదిలో కట్టెలు, హోమద్రవ్యాలు కలిపి గంటసేపు కాలిస్తే గాల్లో బ్యాక్టీరియా 94 శాతం దాకా తగ్గిందని. అంతవరకు ఒప్పుకోవాల్సిందే. కానీ అది హోమద్రవ్యాల మీద చేసిన పరీక్ష, అంగట్లో కొనే కప్పు సాంబ్రాణి మీద కాదు. ఇంకా పెద్ద విషయం, వాళ్ళు లెక్కపెట్టింది బ్యాక్టీరియాని. బ్యాక్టీరియా తగ్గినంత మాత్రాన ఆ గాలి పీల్చడానికి మంచిదైపోదు, ఎందుకంటే ఆ పొగ ఇంకా గదిలోనే ఉంది కదా.

పొగలో ఉండేది ఏందంటే కాలీకాలని సన్న నలుసులు. పీఎం 2.5 అంటారే, అవి 2.5 మైక్రాన్లు, అంతకన్నా చిన్నవి, తలవెంట్రుక మందంలో ఇరవయ్యోవంతు, ముప్పయ్యోవంతు ఉంటాయి, ముక్కులో వెంట్రుకలకి దొరకవు, గొంతులో కఫానికి దొరకవు, నేరుగా ఊపిరితిత్తుల అడుక్కి పోతాయి. 2008లో వచ్చిన ఒక వైద్య సమీక్షలో లెక్క ఇచ్చారు, ఒక గ్రాము ఊదుకడ్డీ కాలితే సగటున 45 మిల్లీగ్రాముల నలుసులు వస్తే, ఒక గ్రాము సిగరెట్ కాలితే 10 మిల్లీగ్రాములు వస్తాయని. వాటితో పాటు కార్బన్ మోనాక్సైడ్, బెంజీన్, ఫార్మాల్డిహైడ్ కూడా. ఈ చివరి రెండూ క్యాన్సర్ తెచ్చేవిగా ఖాయమైన జాబితాలో ఉన్నాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో చెప్పిన ప్రకారం 24 గంటల సగటున ఘనమీటరు గాలిలో పీఎం 2.5 పదిహేను మైక్రోగ్రాములు దాటకూడదు, మన దేశం పెట్టుకున్న హద్దు 60. మూసిన గదిలో సాంబ్రాణి వేస్తే కాసేపట్లోనే వందల్లోకి పోతుంది.

నమ్మకం కుదరకపోతే మీ పూజగదిలో తల పైకెత్తి స్లాబు చూడండి. పెయింట్ వేసి ఎక్కువ రోజులు కాకపోయినా సరే, దీపం, కడ్డీ పెట్టేచోటికి సరిగ్గా పైన గుండ్రంగా ఒక నల్లమచ్చ ఉంటుంది, స్టూలెక్కి వేలితో రాస్తే కాటుకలాగా అంటుకుంటుంది. స్లాబుకి అంటింది మనకి కనిపిస్తా ఉంది, లోపలికి పీల్చింది కనిపించదు, అంతే తేడా. కర్పూరం సంగతి చెప్పనక్కర్లేదు, మంట కొసనే నల్లగా లేస్తుంది మసి.

పూజ మానేయమని నేను చెప్పను, శుక్రవారం సాంబ్రాణి వేసే ఇంట్లోనే నేనూ పుట్టి పెరిగా. వాకిలి, కిటికీలు తెరిచి వేయండి, కడ్డీ ఒకటి చాలు, ఆయాసం ఉన్నవాళ్ళని ఆ కాసేపు వేరే గదిలో ఉంచండి. ఒకటి మాత్రం మానేయాల్సిందే. చంటిబిడ్డకి తలకి పోసి, గంప బోర్లించి కింద సాంబ్రాణి పొగ పెట్టి జుట్టు ఆరబెట్టే అలవాటు మన పల్లెల్లో ఇంకా ఉంది. అవ్వలు ప్రేమతోనే చేస్తారు, వాళ్ళని తప్పుపట్టడానికి లేదు, అయితే పసిబిడ్డ నిమిషానికి 40 సార్లు దాకా గాలి పీలుస్తుంది, పెద్దవాళ్ళం పీల్చేది 12 నుంచి 20 సార్లే, ఊపిరితిత్తులు ఇంకా ఎదగతా ఉండే వయసు. "అవ్వా, మెత్తటి తువ్వాలుతో తుడుద్దాం, సాంబ్రాణి దేవుడి దగ్గర వేద్దాం" అని నిదానంగా చెప్పండి, వింటారు.

ఇదే వరసలో దోమల కాయిల్. ఫార్వర్డ్‌లో దీని మాటే లేదు గానీ చెప్పకుండా ఉండలేను. ఒక కాయిల్ మొత్తం కాలితే వచ్చే పీఎం 2.5 నలుసులు 75 నుంచి 137 సిగరెట్లు కాల్చినంత అని 2003లోనే ఒక పరిశోధనలో తేల్చారు. కిటికీలు మూసి, మంచం కింద కాయిల్ పెట్టి, పైన బిడ్డని పండబెడతాం. దోమతెర కట్టండి, కిటికీకి మెష్ కొట్టించండి, ఒకసారి ఖర్చు పెడితే ఏళ్ళ తరబడి ఉంటుంది.

ఇప్పుడు నాసా. 1989లో నాసా పరీక్ష చేసిన మాట నిజమే, అంతరిక్ష కేంద్రాల్లాంటి మూసిన చోట్ల గాలి ఎట్లా శుభ్రం చేయాలనేది వాళ్ళ అవసరం. చెట్లని పెట్టింది మన హాల్లాంటి గదిలో కాదు, గాలి చొరబడని చిన్న చిన్న పెట్టెల్లో, దాంట్లోకి బెంజీన్, ఫార్మాల్డిహైడ్, ట్రైక్లోరోఇథిలీన్ పంపించి ఎంత తగ్గిందో చూశారు. తగ్గింది కూడా. అయితే మన ఇల్లు అట్లా బిగించిన పెట్టె కాదు, తలుపు సందుల్లోంచి, కిటికీల్లోంచి గాలి మారతానే ఉంటుంది, ఆ మారే గాలి తీసుకుపోయే దాని ముందు ఒక చెట్టు పీల్చేది లెక్కలోకే రాదు. అమెరికాలో డ్రెక్సెల్ యూనివర్సిటీ వాళ్ళు 2019లో పాత పరిశోధనలు 12 తీసుకుని, వాటిలోని 196 ప్రయోగాలని మళ్ళీ లెక్కగట్టి చూస్తే, మామూలుగా గాలి మారడం వల్ల జరిగే శుభ్రత చెట్లతో రావాలంటే ఒక్క చదరపు మీటరుకి 10 నుంచి 1000 చెట్లు కావాలని తేలింది. పదికి పన్నెండు అడుగుల బెడ్‌రూం తీసుకోండి, సుమారు 11 చదరపు మీటర్లు, తక్కువలో తక్కువ వేసుకున్నా 110 కుండీలు. మంచం యాడ వేస్తారు? పైగా ఆ పరీక్ష వాయువుల మీద, మన ఇళ్ళల్లో పెద్ద తలనొప్పి అయిన దుమ్ము, పొగ నలుసుల మీద కాదు. మనీప్లాంట్ పచ్చగా కంటికి హాయిగా ఉంటుంది, పెంచుకోండి. కుండీలో నీళ్ళు నిలబడి మట్టి బూజు పట్టకుండా, పళ్ళెంలో దోమలు గుడ్లు పెట్టకుండా చూసుకోండి, చాలు.

తులసి విషయం. ఏ మొక్కైనా వెలుతురులోనే ఆక్సిజన్ ఇస్తుంది, చీకట్లో మనలాగే ఆక్సిజన్ తీసుకుంటుంది, తులసికి మినహాయింపు లేదు, కాబట్టి 20 గంటల మాట తప్పు. ఓజోన్ మాట ఇంకా పెద్ద తప్పు. తులసి ఓజోన్ ఇవ్వదు, ఒకవేళ నిజంగానే ఇస్తే దాన్ని ఇంటి దగ్గరే పెట్టుకోకూడదు! ఓజోన్ ఆకాశంలో ఎంతో ఎత్తున ఉంటే ఎండలోని అతినీలలోహిత కిరణాల నుంచి కాపాడుతుంది, అదే మనం పీల్చే ఎత్తులో ఉంటే ఊపిరితిత్తులని మండిస్తుంది, ఆయాసం లేపుతుంది. అందుకే మన దేశ ప్రమాణాల్లో కూడా 8 గంటల సగటుకి ఘనమీటరు గాలిలో 100 మైక్రోగ్రాములని హద్దు పెట్టారు. "ఓజోన్‌తో గాలి శుద్ధి" అని మిషన్లు అమ్మేవాళ్ళు వస్తే కూడా ఇదే గుర్తుపెట్టుకోండి, కొనొద్దు.

అసలు ఇంట్లో ఆక్సిజన్ తగ్గిపోతా ఉందనే భయమే అక్కర్లేదు, గాలిలో 21 శాతం దాకా ఉంటుంది, రాత్రంతా గది మూసుకున్నా పెద్దగా తగ్గదు. పెరిగేది మనం వదిలే కార్బన్ డయాక్సైడ్. బయట గాలిలో అది 420 పీపీఎం చిల్లర (అంటే పది లక్షల పాళ్ళ గాలిలో 420 పాళ్ళ పైన) ఉంటే, ముగ్గురు పడుకున్న మూసిన ఏసీ గదిలో తెల్లారేసరికి 2000 దాటడం మామూలే, పొద్దున్నే తల బరువుగా ఉండడానికి, గది వాసన రావడానికి ఇదొక కారణం. దీనికి కుండీ మందు కాదు, కిటికీ మందు.

అక్కడికే వస్తున్నా, నాలుగో సూత్రానికి. స్ప్లిట్ ఏసీ బయటి గాలి లోపలికి తేదు, గదిలో ఉన్న గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పి చల్లబరుస్తుంది. ఫిల్టర్ ఉంది కదా అంటే, మూత ఎత్తి బయటికి లాగి చూడండి, సన్న ప్లాస్టిక్ జాలీ అది, దాని మీద బూడిదరంగు నూగు దుప్పటి మందాన పేరుకుని ఉంటుంది. ఆ పేరుకున్నది ముతక దుమ్ము, నూలుపోగులే, పొగ నలుసులు మాత్రం ఆ జాలీలోంచి దర్జాగా పోతాయి. ఏసీ వాడే రోజుల్లో రెండు వారాలకొకసారి దాన్ని కుళాయి కింద కడిగి నీడలో ఆరబెట్టండి.

రోడ్డు దుమ్ము భయం మాత్రం అబద్ధం కాదు. కరకంబాడి రోడ్డు, తిరుచానూరు రోడ్డు, రేణిగుంట రోడ్డు పక్కన ఉన్నవాళ్ళకి అది రోజూ కనిపించేదే. అట్లాంటి ఇళ్ళల్లో రోడ్డు వైపు కిటికీ కాకుండా వెనకవైపువి తెరవండి, బండ్లు తక్కువగా ఉండే తెల్లవారుజామున, రాత్రి పదకొండు తర్వాత ఎదురెదురుగా రెండు వైపులా తెరిస్తే 15 నిమిషాల్లో గది గాలి చాలావరకు మారిపోతుంది. పక్కసైట్లో చెత్త కాల్చేటప్పుడు, భోగి తెల్లవారుజామున మాత్రం మూసుకోండి. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వాళ్ళ సమీర్ యాప్‌లో మన తిరుపతి లెక్క కూడా వస్తుంది, చూసి నిర్ణయించుకోవచ్చు. ఊడ్చేటప్పుడు పొడి పరకతో దుమ్ము లేపకుండా తడిగుడ్డ పెట్టండి. ఆయాసం ఉన్నవాళ్ళ గదికి ప్యూరిఫయర్ కొనాలనుకుంటే హెపా ఫిల్టర్ ఉన్నది, గది సైజుకి సరిపడేది కొనండి, అది నలుసులని పడుతుంది గానీ కార్బన్ డయాక్సైడ్‌ని తీయదు, కిటికీ పని కిటికీదే.

ఉప్పు గిన్నె. గాల్లో తేమ 75 శాతం దాటితే ఉప్పు నీరు పట్టే మాట నిజం, గిన్నెడు ఉప్పు పట్టేది ఎంతని? చెడుగాలిని అసలు తీయదు. మనకి నవంబర్, డిసెంబర్ ముసురే అసలు సమస్య, 2021 నవంబర్ వానల తర్వాత ఎన్ని ఇళ్ళల్లో బీరువా వెనక గోడలు బూజు పట్టాయో ఇక్కడివాళ్ళందరికీ గుర్తుండే ఉంటుంది. లీకేజీ సరిచేయించాల, బీరువాని గోడకి జానెడు దూరం జరపాల, తడిబట్టలు గదిలో ఆరేయకూడదు.

ఆ ఫార్వర్డ్‌లో వంటిల్లు మాటే లేదు, అది నాకు చాలా బాధ అనిపించింది. ఎండుమిరపకాయలు వేసి తిరగవాత పెడితే ఇల్లంతా దగ్గుతాం, గ్యాస్ మంటలోంచి నైట్రోజన్ డయాక్సైడ్ వస్తుంది, అయినా చాలా ఇళ్ళల్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ రంధ్రానికి బల్లులు వస్తాయని అట్టముక్క అడ్డం పెట్టి ఉంటారు. అట్ట తీసి, బయటివైపు జాలీ కొట్టించి, పొయ్యి వెలిగించే ముందే ఫ్యాన్ వేయండి, వంట అయ్యాక ఇంకో పది నిమిషాలు తిరగనివ్వండి.

బాత్రూంలో గ్యాస్ గీజర్ ఉన్నవాళ్ళు దయచేసి ఇది చదవండి. గాలి ఆడని చోట గ్యాస్ సరిగ్గా కాలక కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది, దానికి రంగు లేదు, వాసన లేదు, స్నానం చేస్తానే కళ్ళు తిరిగి పడిపోతారు, తలుపు లోపల గడియ వేసి ఉంటుంది. మనుషులు పోయారు ఇట్లా. ఏ చెట్టూ, ఏ ఉప్పూ దీన్ని ఆపలేదు. గీజర్‌ని, సిలిండర్‌ని బాత్రూం బయట గాలి తగిలేచోట పెట్టించి, లోపలికి వేడినీళ్ళ పైపు మాత్రమే లాగించండి, అప్పటిదాకా బకెట్‌కి నీళ్ళు పట్టి, గీజర్ ఆపేసి, తర్వాతే లోపలికి పోయి తలుపు వేసుకోండి.