చిప్ షేరు చవగ్గా కనిపిస్తే ముందు గోడౌన్ చూడండి

ఓర్వకల్లులో చిప్ ఫ్యాక్టరీ వస్తుందన్న కబురు తెలిసినప్పట్నుంచీ కర్నూలు వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే గోల: "ఏ చిప్ షేరు కొనాలన్నా?" ఇండిచిప్ అనే కంపెనీ 14,000 కోట్లతో అక్కడ సిలికాన్ కార్బైడ్ ఫ్యాబ్ (చిప్పులు తయారుచేసే ఫ్యాక్టరీ) పెడతానని 2025లో రాష్ట్ర ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంది, నిజమే. దాని షేరు మాత్రం మార్కెట్లో లేదప్పా. గుజరాత్ ధొలేరాలో 91,000 కోట్ల ఫ్యాబ్ పెడుతున్న టాటా ఎలక్ట్రానిక్స్‌దీ లేదు. సనంద్‌లో చిప్ ప్యాకేజింగ్‌కి దిగిన సీజీ పవర్ షేరు ఉంది గానీ, ఆ కంపెనీ అసలు వ్యాపారం మోటార్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, రైల్వే పరికరాలు. వార్షిక నివేదికలో సెగ్మెంట్ల వారీ ఆదాయం పట్టిక ఉంటుంది. అందులో చిప్పుల వాటా చూడకుండా కొంటే చిప్పులనుకొని మోటార్లు కొన్నట్టే.

ఇక పెద్ద తప్పు పీఈ దగ్గర, అంటే షేరు ధర ఒక్కో షేరుకొచ్చే ఏడాది లాభానికి ఎన్ని రెట్లుందో చెప్పే అంకె దగ్గర జరుగుతుంది. "పీఈ తక్కువుంది, చవగ్గా ఉంది" అనే సూత్రం సబ్బుల కంపెనీకి పనికొస్తుందేమో గానీ ఫోన్లలో, కంప్యూటర్లలో డేటా దాచే మెమరీ చిప్పులకు పనికిరాదు. వీటిది పత్తికొండ టమోటా లెక్క. ధర ఎక్కిన ఏడు అందరూ వేస్తారు, సరుకంతా ఒక్కసారే దిగుతుంది, ఆపైన కోత కూలి కూడా రాదు. లాభాలు నడినెత్తిన ఉన్నప్పుడే పీఈ తక్కువ కనిపిస్తుంది. అమెరికా మెమరీ చిప్ కంపెనీ మైక్రాన్‌ని చూడండి. 2022 ఆర్థిక సంవత్సరంలో దాదాపు 870 కోట్ల డాలర్ల లాభం, అయినా ఆ క్యాలెండర్ ఏడాదిలో షేరు సగానికి దగ్గరగా పడింది. 2023 ఆర్థిక సంవత్సరంలో అమ్మకాలు సగమై 580 కోట్ల డాలర్ల నష్టం వచ్చింది. షేరు మాత్రం ఆ ఏడాది బాగా పెరిగింది. ఫలితాలు చూసి కొన్నవాళ్లూ అమ్మినవాళ్లూ ఇద్దరూ బోల్తా పడ్డారు.

అందుకే మూడు నెలలకోసారి చూడాల్సింది నిల్వ. సరుకు నిల్వ విలువను ఆ క్వార్టర్ ఉత్పత్తి ఖర్చుతో భాగించి 90తో గుణించండి. నిల్వ 800 కోట్లు, ఖర్చు 720 కోట్లయితే 100 రోజుల సరుకు గోడౌన్లో ఉన్నట్టు. ఆ అంకె వరుసగా మూడు క్వార్టర్లు పెరుగుతూ, అదే సమయంలో పోటీ కంపెనీలన్నీ కొత్త ప్లాంట్లు ప్రకటిస్తుంటే కొత్తగా డబ్బు పెట్టకండి. స్థూల లాభం శాతం, అంటే అమ్మకాల్లో ఉత్పత్తి ఖర్చు పోగా మిగిలేది, కూడా పక్కనే రాసుకోండి. ఫ్యాబ్ యంత్రాల తరుగుదలను (యంత్రం ధరను ఏటా కొంత చొప్పున ఖర్చుగా చూపడం) తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ లాంటివి సుమారు ఐదేళ్లలో రాసేస్తాయి. ఆర్డర్లు తగ్గి యంత్రం ఖాళీగా ఉన్నా ఆ ఖర్చు ఆగదు, అందుకే అమ్మకాలు పది శాతం తగ్గితే లాభం అంతకు ఎన్నో రెట్లు కరుగుతుంది.

మంచి కంపెనీ అయితే ఏ ధరకైనా కొని కూర్చోవచ్చంటారు. కంప్యూటర్ చిప్పులు చేసే అమెరికా కంపెనీ ఇంటెల్ ఆదాయం 2000లో 3,370 కోట్ల డాలర్లు, 2020లో 7,790 కోట్లు. వ్యాపారం రెండింతలు దాటింది, 2000 ఆగస్టులో 75 డాలర్ల దగ్గర కొన్నవాళ్లకు మాత్రం ఇరవై ఏళ్లకీ అసలు ధర రాలేదు. నా మాటైతే ముందు ఇండెక్స్ ఫండ్, అంటే సూచీలోని కంపెనీలన్నిట్లో కొంచెం కొంచెం పెట్టే ఫండ్. మొత్తంలో పది శాతం మించకుండా చిప్పులు, అదీ 24 నెలవారీ భాగాలుగా. పంట రుణం, బంగారం కుదువ పెట్టిన డబ్బు దీని దరిదాపులకు రానీయకండి.

అమెరికా షేర్లు కొనేవాళ్లకి ఇంకొన్ని. ఆర్థిక సంవత్సరంలో 10 లక్షలు దాటి పంపితే పైమొత్తం మీద 20 శాతం టీసీఎస్ (డబ్బు పంపేటప్పుడే బ్యాంకు ముందుగా వసూలు చేసే పన్ను) పట్టుకుంటారు, రిటర్నులో సర్దుకోవచ్చు. డివిడెండులో 25 శాతం అక్కడే కోస్తారు, విదేశంలో కట్టిన పన్ను చూపే ఫారం వేస్తే ఇక్కడి పన్నులో తగ్గుతుంది. ఎవరూ చెప్పనిది ఇంకోటి: అమెరికా షేర్ల విలువ 60,000 డాలర్లు దాటి ఉండగా మనిషి పోతే, పైమొత్తం మీద వారసులు 40 శాతం దాకా అక్కడి ఎస్టేట్ పన్ను కట్టాల్సి రావచ్చు. రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్ఏలో ఆ షేర్ల వివరాలు ఏప్రిల్-మార్చి లెక్కన కాదు, జనవరి-డిసెంబర్ లెక్కన రాయాలి. ఒక్క షేరున్నా రాయాలి.