సవరణ: గుండె వైఫల్యం ఉన్న పెద్దవారికి వ్యాయామం

గుండె వైఫల్యంతో (గుండె ఒంటికి సరిపడా రక్తాన్ని పంపలేకపోవడం) ఆస్పత్రిలో చేరి బాగా నీరసించిన పెద్దవారు వ్యాయామం చేస్తే మళ్లీ ఆస్పత్రి పాలవడం తగ్గుతుందని కిందటి పోస్టులో రాశాను. అది తప్పు. చదివి ఆశపడ్డవారికి క్షమాపణలు.

నేను ఆధారంగా చెప్పింది 2021లో వెలువడిన రిహాబ్-హెచ్ఎఫ్ అధ్యయనం. అమెరికాలో 60 ఏళ్లు, ఆపై వయసున్న 349 మంది మీద చేశారు. నిలబడడం, నడక, కుర్చీలోంచి లేవడం కలిపి 12 మార్కులకు కొలిస్తే, మూడు నెలలకి వ్యాయామం చేసినవారికి సగటున 8.3, మామూలు చికిత్సలో ఉన్నవారికి 6.9 వచ్చాయి. ఇది మంచి తేడానే. కానీ ఆరు నెలల్లో మళ్లీ ఆస్పత్రిలో చేరడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. మరణాలు తగ్గినట్టూ తేలలేదు.

అదే పోస్టులో 'రోజూ అరగంట నడిపించండి' అని నేను రాసిందీ తొందరపాటే. అక్కడ చేయించింది ఒక్క నడక కాదు; కాళ్ల బలం, తూలకుండా నిలబడడం, కదలిక, దమ్ము నాలుగూ. ఎవరికెంత అన్నది మనిషిని బట్టి. మా నాన్న కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుని, రెండుసార్లు ముందుకు ఊగి, మూడోసారికి లేచేవారు. అలాంటివారికి ముందు ఆ లేవడమే వ్యాయామం. పక్కన మనిషి ఉండాలి.

మొదలుపెట్టేముందు డాక్టర్‌ని అడగండి. ఆయాసం పెరిగినా, ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా వెంటనే ఆపేయండి. పాత పోస్టు ఎవరికైనా పంపి ఉంటే దయచేసి ఇది కూడా పంపండి.