బ్లూటూత్ స్పీకరు గారికి ఒక మనవి

మహారాజశ్రీ బ్లూటూత్ స్పీకరు గారి సముఖమునకు,

కేరళలో పెరియార్ నది ఒడ్డున ఉన్న తట్టేకాడ్ పక్షుల అభయారణ్యానికి వచ్చేవారు, చుట్టుపక్కల లాడ్జిలలో దిగి, తెల్లవారకముందే బరువైన లెన్సులను భుజాన వేసుకొని బయలుదేరుతారు. తమరు మాత్రం గైడు చొక్కా జేబులో సుఖంగా ప్రయాణిస్తారు. అయినా పెద్దపీట తమరిదే. 1933లో తిరువాన్కూరు, కొచ్చిన్ సంస్థానాల పక్షులను సర్వే చేయడానికి పక్షి శాస్త్రవేత్త సలీం అలీ వచ్చిన నాటికి తమరి జననం జరగలేదు కనుక, పాపం ఆయన తన చెవులనే నమ్ముకొని నడవవలసి వచ్చింది. 1983లో ఏర్పడిన ఈ అభయారణ్యం ఆయన పేరే పెట్టుకున్నా, నేడు ఇక్కడ చెల్లుబాటు అవుతున్నది తమరి పద్ధతే.

ఆ పద్ధతిలోని సులువును మెచ్చుకోవలసిందే. నల్లని తల, ఎర్రని పొట్ట, రెండింటి నడుమ తెల్లని పట్టీ ఉన్న మగ మలబార్ ట్రోగన్ ఫొటో కోసమే చాలామంది అంత దూరం వస్తారు. ఆ పక్షికేమో మసక వెలుతురులో, మనకు వీపు చూపిస్తూ, గంటల తరబడి కదలకుండా కూర్చోవడం ఇష్టం. అప్పుడు తమరు దాని కూతనే దానికి వినిపిస్తారు. తన జాగాను మరో మగపక్షి కబ్జా చేస్తున్నదని నమ్మిన ట్రోగన్, పురుగుల వేట మాని, ఎదుటి కొమ్మకు వచ్చి వాలి, కంటికి కనబడని కబ్జాదారుతో వాదానికి దిగుతుంది. షట్టర్లు టకటకలాడతాయి, అందరూ గైడును అభినందిస్తారు, బృందం టిఫినుకు వెళ్లిపోతుంది. మర్నాడు మరో బృందంతో అదే కబ్జాదారు, అదే కొమ్మ కింద, అదే గొంతుతో మళ్ళీ హాజరు.

ఇక్కడే ఉండే, రాత్రిపూట తిరిగే కప్పనోటి పిట్టకు (ఫ్రాగ్‌మౌత్) ఈ బాధ కొంత తక్కువ. పగలంతా జంటగా ఎండుటాకులలో కలిసిపోయి కునికే దాని చోటు గైడుకు ముందే తెలుసు కనుక, అక్కడ తమరి అవసరం పడదు. క్యూలో నిలబడే ఓపిక ఉంటే చాలు.

తమరిని పూర్తిగా తప్పుపట్టడం న్యాయం కాదు. గుడ్లగూబలను లెక్కించే శాస్త్రజ్ఞులు కూడా తమరి సేవలు పొందుతారు. కాకపోతే పక్షి బదులు పలికితే వారు రాసుకొని ముందుకు సాగుతారు, అది మంచి భంగిమలో కూర్చునే దాకా పిలవరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ఎర చూపడాన్నీ వేటగానే లెక్కకట్టింది. తమరు గింజ చల్లరు, పురుగు చూపరు, పగవాడి గొంతు మాత్రమే వినిపిస్తారు. అది ఏ సెక్షను కిందికి వస్తుందో వకీళ్లే తేల్చుకోవాలి.

కనుక నా మనవి ఇది. లాడ్జిలో అతిథులు భోజనానికి కూర్చోగానే, తమరు ఒక్కొక్కరి కుర్చీ వెనుక చేరి, "మీ ఊళ్లో మీ ప్లాటుకు గోడ కట్టేస్తున్నాం, దిక్కున్నచోట చెప్పుకోండి" అని ఒక అపరిచితుడి గొంతుతో వినిపించండి. విస్తరి వదిలి బయటికి పరుగెత్తుకొచ్చిన వారిని, వెలుతురు బాగున్న చోట నిలబడే దాకా వినిపిస్తూ, తీరిగ్గా ఫొటోలు తీయించండి. మర్నాడు భోజనాల వేళకూ ఇదే కార్యక్రమం ఉంటుందని నోటీసు బోర్డులో పెట్టించండి.

ఇట్లు,
బైనాక్యులర్స్ మాత్రమే తెచ్చుకునే ఒక అతిథి