నేను చూస్తా ఉండా గదా!

ఇంట్లో టీవీ తెర మీద నిలువునా పచ్చగీత పడింది. బాగుచేయడానికి వచ్చినతను ప్యానెల్ పోయిందన్నాడు, ఆ డబ్బుకి ఇంకాస్త కలిపితే కొత్తదే వస్తుందన్నాడు. సరేనని, రోహిణి కార్తె ఎండలో, కడుపు నిండా చేపల పులుసు తిని, కోవూరు నుంచి పెన్నా వంతెన దాటి నెల్లూరు ట్రంకు రోడ్డులో ఒక షోరూంకి పోయినాం, నేనూ మా నాయనా. బండి ఎక్కడ పెట్టామో అడగొద్దు.

లోపల చల్లగా ఏసీ. గోడ నిండా టీవీలు, అన్నింట్లోనూ ఒకటే రామచిలుక. సేల్స్ కుర్రాడు క్యూఎల్‌ఈడీ, ఓఎల్‌ఈడీ అని మొదలుపెట్టాడు. రెండిటికీ తేడా ఏందయ్యా అంటే, "ఓ అయితే క్లారిటీ ఎక్కువ సార్" అన్నాడు. క్యూఎల్‌ఈడీ అంటే వెనక లైటు వెలిగే ఎల్‌సీడీ రకమేననీ, రంగుల కోసం ఒక పొర ఎక్కువ ఉంటుందనీ, ఓఎల్‌ఈడీలో ఏ చుక్కకా చుక్క తనే వెలిగి తనే ఆరుతుందనీ చెప్పడానికి ఎంతసేపు? అది చెప్పడు. 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి వచ్చిందని మాత్రం, తనే దగ్గరుండి తగ్గించినట్టు, మాటమాటకీ చెప్పాడు. అది తగ్గింది 2025 సెప్టెంబరులో.

మా నాయన ఇవేవీ వినలేదు. చొక్కా జేబులోంచి పురికొస తీశాడు. దానికి రెండు ముడులు. ఒకటి మా షోకేసు వెడల్పు, ఇంకోటి గోడ నుంచి ఆయన కుర్చీ దాకా దూరం. 55 అంగుళాల టీవీకి పురికొస అడ్డంగా పట్టి చూసి, "48 కూడా సరిగ్గా లేదే, మిగతా ఏడు అంగుళాలు యాడికి పోయినాయి?" అన్నాడు.

"మూల నుంచి మూలకి కొలుస్తారు సార్."

"గుడ్డల కొట్లో పంచెని కూడా అట్టనే కొలుస్తారా?"

కుర్రాడు నా వైపు చూశాడు. నేను రామచిలుక వైపు చూశా.

తర్వాత పురికొసని నేల మీద పరిచి, రెండో ముడి పడిన చోట కుర్చీ వేయించుకున్నాడు. ఆ చోటు సరిగ్గా జనం నడిచే దారి. ఇంట్లో ఎట్టా కూర్చుంటాడో అట్టనే కాలు మీద కాలేసుకుని, "సౌండు పెట్టు" అన్నాడు. పెట్టారు. రామచిలుక ఎగిరింది, జలపాతం దూకింది, మా నాయన నిద్రపోయాడు.

మా నాయన నిద్ర గురించి కొంచెం చెప్పాలి. మంచం మీద పడుకుంటే ఆయనకి కునుకు రాదు. టీవీ ముందు కూర్చుంటే చాలు, వార్తల్లో నలుగురు ఒకేసారి అరుస్తున్నా గురక ఆగదు. కానీ ఎవరైనా రిమోట్ ముట్టుకుంటే లేస్తాడు. ఆ ముట్టుకోవడం ఆయనకి ఎట్టా తెలుస్తుందో మా అమ్మకి కూడా ఈనాటికీ అంతుపట్టలేదు.

షోరూంలో గురక అందుకుంది. పైన ఏసీ, లోపల పులుసు, ఇంక అడ్డేముంది! ఫ్రిజ్ కొనడానికొచ్చిన వాళ్లు పక్కకి తప్పుకుని పోతున్నారు. ఒక పిల్లోడు ఎదురుగా నిలబడి నోరు తెరిచి చూస్తున్నాడు. నేను మెల్లగా వాషింగ్ మిషన్ల వైపు జరిగి, అవసరం లేకపోయినా ఒక్కోదాని మూత తీసి వేస్తున్నా. మా వీధాయన ఒకడు అక్కడే తగలాలా? "అది మీ నాయన కాదూ?" అన్నాడు. "పోలికలు ఉండాయి" అన్నా.

ఇంతలో కుర్రాడు, తెలివి అనుకుని, పోయి టీవీ ఆపేశాడు.

"ఎవర్రా ఆపింది? నేను చూస్తా ఉండా గదా!"

షోరూం మొత్తం ఆగిపోయింది. బిల్లు కౌంటర్ దగ్గర అమ్మాయి లేచి నిలబడింది. కుర్రాడు చేతులు వణుకుతూ మళ్లీ రామచిలుకని పెట్టాడు. ఆ గదమాయింపు చూసి, కొత్తగా లోపలికొచ్చిన మొగుడూ పెళ్లాం ఈయనే ఓనరని అనుకున్నట్టున్నారు. నేరుగా వచ్చి, "ఇది ఎంతకిస్తారు సార్?" అని అడిగారు.

మా నాయన తొణకలేదు. "రేటు సంగతి తర్వాత. ఈ వెలుగు చూసి మోసపోబాకండి, ఇది షాపు కోసం పెట్టిన మోడ్. ఇంట్లో ఇంత ఉండదు. కేబులులో మామూలు చానల్ పెట్టి చూపించమనండి" అన్నాడు. నిజమే. 2160 అడ్డగీతల తెర మీద మామూలు చానల్ పంపే 576 గీతల బొమ్మని సాగదీస్తే మసక మసకగా కనిపిస్తుంది. ఆ సంగతి ఆయనకి తెలుసని నాకు తెలియదు. నిద్రలో విన్నాడేమో.

వాళ్లు అదే మాట మేనేజరుని అడిగారు. చానల్ చూపించలేక, ఆయన రెండు వేలు తగ్గించి, గోడకి బిగించే స్టాండు కూడా ఊరికే ఇచ్చాడు.

మేమూ అదే టీవీ తీసుకున్నాం. మాకు స్టాండు విడిగా బిల్లు వేశారు.