మామ బెల్టు, ఆకుపచ్చ పేస్టు

కత్తి సాన పట్టే వీడియోలు చూసుడు మొదలువెట్టినంక మనిషి మనిషి లెక్క ఉండడు. మొదట 1000 గ్రిట్ రాయి (నంబరు పెరిగినకొద్ది రవ్వ సన్నగైతది) కొన్న, సాలలే, 6000ది కొన్న, ఇప్పుడు నా ఎడమ చెయ్యి మీద ఒక్క వెంట్రుక లేదు, పదును టెస్ట్ చేసేది ఆడనే గద. ఆఫీసుల ఒకాయన పక్కకు పిలిచి ఏమన్న చర్మరోగమా అన్నడు.

రాయి మీద నూరినంక అంచుకు కండ్లకు కనవడనంత సన్నటి తీగ లేస్తది, బర్ అంటరు, గది పోవాల్నంటే తోలు మీద గుంజాలె. చిన్నప్పుడు మంగలి షాపుల కుర్చీకి ఏలాడే తోలుపట్టా యాదికున్నదా, అదే. ఉత్త తోలు నడుస్తది గని పేస్టు రుద్దితే ఇంకింత మంచిగుంటది. ఇగ ఈడ నాకు వారం రోజులు నిద్రలేదు. ఆకుపచ్చ సబ్బుబిళ్ల లెక్క వచ్చేది క్రోమియం ఆక్సైడ్, దాని రవ్వ అర మైక్రాన్ అటీటు (మైక్రాన్ అంటే మిల్లీమీటర్ల వెయ్యో వంతు), సిరంజిల వచ్చేది డైమండ్ పేస్టు, అండ్ల మళ్ల 1 మైక్రానా పావు మైక్రానా. తల వెంట్రుకనే 70 మైక్రాన్ల దాక ఉంటది, మా ఇంట్ల కోసేదేమో బెండకాయలు. ఆఖరికి ఆకుపచ్చది తెప్పిచ్చిన, సస్తగ వచ్చింది.

తోలు? మా మామ కాజీపేట పెండ్లికని వచ్చి మా హనుమకొండ ఇంట్ల దిగిండు, ఆయన బెల్టు మేకుకు ఏలాడుతున్నది. ఆ బెల్టు గురించి నా పెండ్లైన కాంచి ఇంటున్న, అసలు తోలు అల్లుడూ, ఇసొంటిది ఇప్పుడు దొరకదు అని. ఆయన పగటి నిద్రల ఉన్నప్పుడు దాన్ని కిటికీ ఊసకు కట్టి, లోపలి దిక్కు పేస్టు రుద్ది, కత్తి వెన్ను ముందుకు పెట్టి గుంజుడు షురూ చేసిన (అంచు ముందుకు పోతే తోలు తెగుతది, గంత తెలివి ఉన్నది నాకు). ఇరవై సార్లు గుంజిన్నో లేదో పొర పొర ఊడొచ్చింది, కిందికెల్లి బట్ట నేత కనవడ్డది. రెగ్జిన్! కత్తి ఇంకింత మొద్దువారింది. జల్ది జల్ది తుడిచి మేకుకు తగిలేసిన.

తెల్లారి మే నెల ఎండ, ఫంక్షన్ హాల్ల ఏసీ లేదు, మామ తెల్ల అంగి ఇన్‌షర్ట్ చేసిండు. చెమటకు నడుము చుట్టూ ఆకుపచ్చ గీత దిగింది, తలంబ్రాల యాళ్లకు గది జేబు దాక ఎక్కింది. ఎవలో ముసలాయన "బావా, ఎండకాలంల హోలీ ఆడినవా" అన్నడు. మా ఆమె పెండ్లికొడుకును ఇడిసిపెట్టి నా దిక్కే చూసుడు.

రాత్రికి ఒప్పుకున్న. తిడుతడనుకున్న, అంగి సంగతే తియ్యలే. బెల్టు ఒళ్లె పెట్టుకొని ఆ ఊడిన పొరను గోటితోని గీకుకుంట "బట్టనేనా అల్లుడూ, ఖాయమేనా" అన్నడు, మళ్ల అడిగిండు, మళ్ల అడిగిండు.

పొద్దుగాల నేను ఛాయ తాగుతుంటే మెల్లగొచ్చి పక్కన కూసొని, అటీటు చూసి, పైసల పర్సు తీసి నా చేతుల పెట్టిండు. "జర ఇది గూడ గుంజి చూడు."