అది బుల్లెట్ కాదు సెక్రటరీ గారూ, ఖాళీ తూటా!

మధ్యాహ్నం రెండింటికి మొదలైంది. ఇప్పుడు రాత్రి తొమ్మిదైంది, నాకింకా ఒళ్లు మండుతూనే ఉంది. కాబట్టి ఇది పొడుగ్గానే ఉంటుంది. ఓపిక లేనివాళ్లు ఇక్కడే దిగిపోవచ్చు.

జరిగింది ఇంతే. ఆదివారం కదా, ఎండ బాగుందని నా ట్రే బాల్కనీలో పెట్టుకుని ఫోటోలు తీసుకుంటున్నాను. నలభై మూడు ఖాళీ తూటాలు. మళ్లీ చెబుతున్నాను, ఖాళీ. ఎప్పుడో పేలిపోయినవి. అడుగున క్యాప్ (తుపాకి సూది తగలగానే లోపలి మందుని అంటించే చిన్న బిళ్ల) మీద సూది పోటు చిన్నపిల్లాడికి కూడా కనబడుతుంది. వాటిలో చాలా భాగం మా నాన్న కంటే పెద్దవి. ఏసీ సర్వీసుకి వచ్చిన అబ్బాయి చూసి ఇవేంటని అడిగాడు. కుతూహలం ఉన్న పిల్లాడు, సంతోషంగా చెప్పాను, ఒకటి చేతిలో పెట్టి చూపించాను కూడా. అరగంటకి అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపులో మెసేజ్: "బి బ్లాక్ థర్డ్ ఫ్లోర్‌లో బుల్లెట్స్ ఉన్నాయి, అందరూ జాగ్రత్త." కింద ఎదురు బ్లాకు నుంచి జూమ్ చేసి తీసిన ఫోటో. అందులో నా ట్రే కంటే ఆరేసిన నా బనియన్లే బాగా కనబడుతున్నాయి.

ఇక వరస మొదలు. ఒకరు "పిల్లలున్న చోట ఇవేంటండీ" అన్నారు. ఒకావిడ "గ్యాస్ సిలిండర్ దగ్గర పెడితే పేలతాయా" అని అడిగింది. ఇంకో పెద్దమనిషి దండం పెట్టే బొమ్మ పెట్టాడు, ఎందుకో ఆయనకే తెలియాలి.

పది నిమిషాల్లో అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారు ఇద్దర్ని వెంటేసుకుని వచ్చారు. ఈయనా మన తెలుగాయనే. తాతల కాలం నుంచి చెన్నైలోనే ఉన్నారు, మాట్లాడటం వచ్చు, చదవడం రాదు. అందుకే ధైర్యంగా రాస్తున్నాను. వచ్చీరాగానే ట్రేలోంచి అన్నిటికంటే లావుదాన్ని తీసి, వెలుతురులో తిప్పి, గంభీరంగా అడిగారు: "ఇది ఏకే ఫార్టీ సెవెన్‌దా తమ్ముడూ?"

అయ్యా, అది మార్టిని హెన్రీ. 1871లో బ్రిటిష్ సైన్యం తీసుకున్న తుపాకి. ఏకే ఫార్టీ సెవెన్ పేరులోనే నలభై ఏడు ఉంది, అది 1947. మధ్యలో రెండు తరాలు గడిచాయి. ఎద్దుబండి చక్రం చూపించి ఇది బుల్లెట్ బండిదా అని అడిగినట్టుంది.

అసలు ఈ "బుల్లెట్" అనే మాటతోనే నాకు గొడవ. మన భాషలో ఎంత చక్కగా తేడా ఉందో చూడండి. గుండు అంటే దూసుకుపోయే ముక్క. మందు అంటే దాన్ని తోసేది. ఆ రెండూ, క్యాప్, తొడుగు అన్నీ కలిపి కట్టింది తూటా. మందుగుండు అనే మాటలోనే రెండు భాగాలూ విడివిడిగా కనబడుతున్నాయి! ఇంత ముచ్చటైన మాటలు పెట్టుకుని టీవీ యాంకర్లు పొద్దున లేస్తే "ఘటనా స్థలంలో ఖాళీ బుల్లెట్లు" అంటారు. ఖాళీ బుల్లెట్ ఏంటి నాయనా? గుండు వెళ్లిపోయాక మిగిలేది తొడుగు. కొబ్బరి ముక్క తినేసి చిప్ప చూపించి ఖాళీ కొబ్బరి అంటామా?

ఆ టీవీ వాళ్లే ఇంకోటి చెబుతారు, "7.62 తూటా దొరికింది" అని. ఏ 7.62? ఏకేలో వేసేది 7.62×39 (మొదటి అంకె గుండు లావు, రెండోది తొడుగు పొడుగు, మిల్లీమీటర్లలో). మన పాత ఎస్ఎల్ఆర్ రైఫిల్‌లో వేసేది 7.62×51. రష్యా వాళ్లు 1891 నుంచి ఇప్పటిదాకా వాడుతున్నది 7.62×54, దాని అడుగున అంచు బయటికి పొడుచుకొచ్చి ఉంటుంది. ఒకదాంట్లోది ఇంకోదాంట్లో పట్టదు. పేర్లు చూసి మోసపోవద్దు. .38 స్పెషల్ అంటారు, కొలిచి చూస్తే గుండు 0.357 అంగుళాలే. త్రీ నాట్ త్రీ అంటారు, గుండు కొలిస్తే 0.311 వస్తుంది, ఎందుకంటే ఆ 303 అనేది గొట్టం లోపలి కొలత. అందుకే పేరు కాదు, కాలిపర్ అనే కొలత పరికరం పెట్టి కొలవాలి, తిప్పి అడుగు చూడాలి.

అడుగు చూడటం అంటే గుర్తొచ్చింది. అడుగున కొట్టిన ముద్రని హెడ్‌స్టాంప్ అంటారు. అది తూటా జాతకం. నా దగ్గరున్న ఒక త్రీ నాట్ త్రీ మీద కె అనే అక్షరం, బాణం గుర్తు, ఎఫ్ ఉన్నాయి. పుణె పక్కన ఖడ్కీ ఫ్యాక్టరీ గుర్తు అది, తెల్లవాళ్లు కిర్కీ అనేవారు. పక్కన రెండంకెల్లో సంవత్సరం. మార్కు నంబరు, అంటే ఏ మోడలో చెప్పే అంకె, దాని తర్వాత జెడ్ ఉంటే లోపల పోసింది కార్డైట్ అనే దారాల్లాంటి మందు కాదు, నైట్రోసెల్యులోజ్ పొడి అని. క్యాప్ చుట్టూ ఉండే రంగు గీత కూడా మాట్లాడుతుంది: ఊదా అయితే మామూలు గుండు, ఎరుపు అయితే మంట గీస్తూ పోయేది, ఆకుపచ్చ అయితే ఉక్కును చీల్చేది. అలాంటి ఊదా గీత ఉన్నది నా దగ్గర ఒకటి ఉండేది. "ఉండేది" అన్నాను, గమనించారా? మా అమ్మ పండక్కి దేవుడి సామాన్లతో కలిపి చింతపండు పెట్టి తోమేసింది. "ఎంత నల్లగా ఉందిరా, ఇప్పుడు చూడు బంగారంలా ఉంది" అంది. అమ్మని ఏమంటాం.

ఇంకో తమాషా. క్యాపుల్లో రెండు రకాలు: బాక్సర్, బెర్డాన్. బాక్సర్ ఇంగ్లండు మనిషి, బెర్డాన్ అమెరికా మనిషి. తీరా చూస్తే అమెరికాలో బాక్సర్ క్యాప్ స్థిరపడింది, యూరప్‌లో ఎక్కువగా బెర్డాన్. కుండమార్పిడి పెళ్లిళ్లలా. ఇది సెక్రటరీ గారికి చెబుదామనుకున్నాను. ఆయన అప్పటికే నా ట్రేలోని .410ని పట్టుకుని "మిగతావాటికి మెడ ఉంది, దీనికి లేదు, డూప్లికేటా?" అంటున్నారు.

డూప్లికేట్! మొత్తం ట్రేలో నాకు ప్రాణమైనది అదొక్కటే! త్రీ నాట్ త్రీ తొడుగుని మెడ నొక్కకుండా నిటారుగా వదిలేస్తే వచ్చేది ఆ .410 మస్కెట్ తూటా. బ్రిటిష్ వాళ్లు ఇక్కడి పోలీసులకీ, జైలు కాపలావాళ్లకీ మంచి రైఫిల్ ఇవ్వడానికి భయపడ్డారు. లోపల గుండుని తిప్పుతూ పంపే మరలు లేని నున్నటి గొట్టం, ఒక్కసారికి ఒక్కటే తూటా, అదీ సైన్యం వాడే తూటా కాదు. ఎవడైనా లాక్కున్నా తిరగబడినా పెద్దగా పనికిరాదన్నమాట. 1857లో ఆవు కొవ్వు, పంది కొవ్వు పూసిన కాగితపు తూటాల పుకారుతో గొడవ మొదలైందా, ఆ దెబ్బకి 1858 మోడల్ అని మన సిపాయిలకి మరలు తీసేసిన తుపాకులు చేతికిచ్చారు. అర్ధ శతాబ్దం దాటినా ఆ అనుమానం పోలేదు. ఆ అనుమానానికి ఇత్తడిలో పోసిన సాక్ష్యం నా .410. అప్పుడు దొర మనల్ని నమ్మలేదు, ఇప్పుడు మెయింటెనెన్స్ కట్టించుకునే అసోసియేషన్ నమ్మట్లేదు. పురోగతి.

చట్టం గురించి కూడా నాకు పాఠం చెప్పారు, ఫోన్‌లో సగం చదివి. అయ్యా, పేలని తూటా లైసెన్సు లేకుండా ఒక్కటి ఉన్నా తప్పేనని నాకు మీకంటే బాగా తెలుసు. అందుకే అలాంటిది నా గడప తొక్కదు. ఎయిర్‌పోర్టుకి వెళ్లేముందు బ్యాగు మూడుసార్లు దులుపుతాను, ఖాళీది కూడా ఉండకూడదని. కానీ అదే 1959 ఆయుధాల చట్టంలో 45వ సెక్షన్ కూడా ఉంది. మిగతా భాగాలతో కలిపి వాడే ఉద్దేశం లేని చిన్న చిన్న భాగాలకి మినహాయింపు ఇచ్చింది అందులోనే. అది చదివేలోపు ఆయన ఫోన్‌లో చార్జింగ్ అయిపోయింది కాబోలు.

ఇప్పుడు అసలు మంట. పోయిన దీపావళికి ఈయన కొడుకే లిఫ్ట్ ఎదురుగా పదివేల వాలా పరిచి ముట్టించాడు. అందులో ఉన్న మందు ఎంత, నా నలభై మూడింటిలో ఉన్న మందు ఎంత? నా లెక్క సున్నా. గోడ మీద ఆ మసి మరక ఇంకా ఉంది, రేపు లిఫ్ట్ ఎక్కేటప్పుడు చూడండి. అప్పుడు గ్రూపులో ఏం మెసేజ్ వచ్చింది? "హ్యాపీ దీపావళి." ఇంకా ఉంది. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ మద్రాసు మీద గుండ్లు వేసింది కదా, హైకోర్టు గోడకి దాని గుర్తుగా ఫలకం ఉంది. ఆ ఫలకం దగ్గర సెల్ఫీ తీసుకుని గ్రూపులో "మన హెరిటేజ్" అని పెట్టింది ఎవరనుకుంటున్నారు? ఫిరంగి గుండైతే హెరిటేజ్, నాదైతే సెక్యూరిటీ రిస్క్. ఎమ్డెన్ అంటే ఈ ఊళ్లో గట్టి పిండం అని అర్థం. మా సెక్రటరీ గారికి సరిగ్గా సరిపోతుంది.

ఇదంతా ఇక్కడితో అయిపోయేది. కానీ ఆ ఫోటో ఫార్వర్డ్ అయి, ఎలా వెళ్లిందో వెళ్లింది, పెరంబూరులో మా బాబాయి ఫోన్‌కి చేరింది. సాయంత్రం ఫోన్. నవ్వుతున్నారు. "ఒరేయ్, అప్పుడే చెప్పానా లేదా? మీ తాత డబ్బా నేను అమ్మేయబట్టి సరిపోయింది, లేకపోతే ఇల్లు ఎప్పుడో లేచిపోయేది."

చూశారా, ఇదీ. మధ్యాహ్నం నుంచీ నేను సెక్రటరీ మీద అరుస్తున్నాననుకున్నాను. కాదు.

మా తాత గూడూరు నుంచి వచ్చి ప్యారిస్ కార్నర్‌లో ఒక కాగితాల కొట్లో గుమాస్తాగా చేశారు. ఆదివారమైతే సెంట్రల్ స్టేషన్ పక్కన మూర్ మార్కెట్‌కి నడిచి వెళ్లేవారు. అందరూ పాత పుస్తకాలకి వెళితే ఈయన పాత ఇత్తడికి. అణా, బేడా ఇచ్చి ఒక్కొక్కటే తెచ్చి బిస్కెట్ డబ్బాలో వేసేవారు. 1985లో ఆ మార్కెట్ కాలిపోయాక మర్నాడు వెళ్లి చూసొచ్చి రెండు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదట. ఆయన పోయాక, నేను ఐదో క్లాసులో ఉండగా, బాబాయి ఆ డబ్బా తీసుకెళ్లి కాయలాన్ కడైలో, అంటే పాత సామాన్లు కొనే కొట్లో, తూకానికి వేసేశారు. ఇత్తడి కిలో ఇంత అని. ఆ డబ్బుతో కుక్కర్‌కి గాస్కెట్ కొన్నారట. పిన్ని చెప్పింది, అది కూడా ఆర్నెల్లకి పోయింది.

ఆ రోజు నా కాంపస్ బాక్సులో ఉండబట్టి మూడు మిగిలాయి. ఆ .410 వాటిలో ఒకటి. పోయినవాటిలో మాత్రం ఒకటి నాకు ఇప్పటికీ కళ్లకు కడుతుంది. మార్టిని హెన్రీదే, కానీ మొదటి రకం. పోతపోసినట్టు నున్నగా ఉండదు. పల్చటి ఇత్తడి రేకుని పొగాకు చుట్ట చుట్టినట్టు చుట్టి, అడుగున ఇనప బిళ్ల బిగించింది. ఆ రేకు చిరిగి తుపాకిలో ఇరుక్కుపోతోందని తర్వాత మార్చేశారు. గోటితో గీకితే చుట్ల మీద టకటకమని తగిలేది. తాత నా వేలు పట్టుకుని గీకించేవారు. అది ఏమిటో, ఎంత అరుదో నాకు తెలిసేసరికి ముప్ఫై ఏళ్లొచ్చాయి. బాబాయికి ఇప్పటికీ తెలియదు. ప్రతి పెళ్లిలో, ప్రతి సీమంతంలో ఈ కథ ఆయనే చెబుతారు, ఇంటిని కాపాడిన వీరుడిలా. అందరూ నవ్వుతారు. నేనూ నవ్వుతాను, పెద్దాయన కదా.

వచ్చే ఆదివారం పదింటికి మీటింగట, నన్ను "వివరణ" ఇమ్మన్నారు. వెళతాను. ట్రే పట్టుకునే వెళతాను. కాలిపర్ కూడా.

ఈలోగా చెన్నైలో ఉన్నవాళ్లకి ఒక్క మాట. వాషర్‌మన్‌పేట వైపో, అల్లికుళం మార్కెట్‌లోనో, ఎక్కడైనా కాయలాన్ కడైలో రేకు చుట్టినట్టున్న పాత తూటా తొడుగు, ఇనప అడుగుది, పేలిపోయినది, కనబడితే నాకు మెసేజ్ పెట్టండి. పేలనిదైతే ముట్టుకోకుండా పోలీసులకి చెప్పండి. ఫోటో అడుగు వైపు నుంచి, పగటి వెలుతురులో తీయండి. మీ పుణ్యముంటుంది, చింతపండు మాత్రం పెట్టకండి.