కల్చర్ రిపోర్టు చెప్పని ఇనుము సంగతి

మనవాళ్లు ఐసీయూలో ఉన్నప్పుడు కల్చర్ రిపోర్టు చేతికొస్తే ముందు చూసేది ఏ మందు పక్కన ఎస్ (లొంగుతుంది) ఉంది, ఏ మందు పక్కన ఆర్ (లొంగదు) ఉంది అనే. ఆర్‌లు ఎక్కువైతే టెన్షన్, ఎస్‌లు కనిపిస్తే కాస్త ఊపిరి. నన్నడిగితే ఆ కాగితంలో ఉన్నది సగం కథే. ఆ క్రిమి మందుకు లొంగుతుందో లేదో తెలుస్తుంది గానీ, ఒంట్లో ఎంత బీభత్సం చేయగలదో తెలియదు. క్లెబ్సియెల్లా న్యుమోనియే అనే బ్యాక్టీరియా విషయంలో ఆ రెండోదాంట్లో ఇనుముది పెద్ద పాత్ర.

మన ఒంట్లో ఇనుముకు కొదవలేదు. కాకపోతే ఎక్కడా విడిగా దొరకదు. హిమోగ్లోబిన్, ఫెరిటిన్, ట్రాన్స్‌ఫెరిన్ అనే ప్రొటీన్లు దాన్ని పట్టుకుని ఉంటాయి. ఇనుము లేనిదే బ్యాక్టీరియాకు పూట గడవదు. అందుకే సైడరోఫోర్లనే చిన్న అణువులను బయటికి వదిలి, వాటితో ఇనుమును లాగించుకుంటుంది. ఈ తయారీ ఫర్ అనే ప్రొటీన్ అదుపులో ఉంటుంది. లోపల ఇనుము చాలినంత ఉంటే ఫర్ ఆ ఇనుముతోనే జతకట్టి ఆ తయారీ జన్యువుల మొదట్లో అడ్డంగా కూర్చుంటుంది. ఇనుము కరువైతే లేచిపోతుంది, తయారీ మొదలవుతుంది. ల్యాబ్‌లో ఇదంతా కంటికి కనిపిస్తుంది. సీఏఎస్ అనే నీలి ప్లేటు మీద సూక్ష్మజీవిని పెంచితే, రంగులోని ఇనుము ఊడిపోయిన మేరకు కాలనీ చుట్టూ నారింజ వలయం ఏర్పడుతుంది.

దాదాపు అన్ని క్లెబ్సియెల్లాలూ ఎంటెరోబాక్టిన్ అనే సైడరోఫోర్‌ను తయారుచేస్తాయి. ఇనుము మీద దాని పట్టు అసాధారణం. అయినా మన తెల్లకణాలు వదిలే లిపోకాలిన్-2 అనే ప్రొటీన్ దాన్ని ఇనుముతో సహా ఒడిసిపడుతుంది. ఏరోబాక్టిన్ అనే ఇంకో రకానికి అంత పట్టు లేదు, కానీ లిపోకాలిన్‌కు చిక్కదు. దాన్ని తయారుచేసే ఐయూసీ జన్యువులు ఉండేది ఎక్కువగా పెద్ద ప్లాస్మిడ్ మీద, అంటే ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి వెళ్లగల విడి డీఎన్ఏ ముక్క మీద. ఆరోగ్యంగా తిరిగే మనిషికి కూడా కాలేయంలో చీముగడ్డ తెప్పించే ఉగ్ర రకాల్లో ఈ ఏరోబాక్టిన్ కనిపిస్తుంది. 1980ల్లో తైవాన్ వైద్యులు మొదట గుర్తించింది ఇలాంటి కేసులనే.

చాలాకాలం ఒక ఊరట ఉండేది. ఉగ్ర రకాలు మామూలు మందులకే లొంగేవి, మందులకు లొంగని మొండి రకాలు ఎక్కువగా అప్పటికే నీరసించిన రోగుల మీదే పడేవి. ప్లాస్మిడ్ చేతులు మారే సరుకు కదా! 2016లో చైనాలోని హాంగ్‌ఝౌలో ఒక ఐసీయూలో రెండు గుణాలూ ఒకే క్రిమిలో కలిశాయి. మిగతా మందులు పనిచేయనప్పుడు వాడే కార్బపెనెమ్ అనే యాంటీబయాటిక్‌కు లొంగని రకం ఆ ప్లాస్మిడ్‌నూ సంపాదించింది. అది సోకిన ఐదుగురూ చనిపోయారు. 2024 జులైలో ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ ఉగ్ర క్లెబ్సియెల్లా గురించి హెచ్చరించింది. అది కనిపించినట్టు చెప్పిన 16 దేశాల్లో మనదీ ఉంది.

కాలనీని లూప్‌తో పైకి లాగి, తీగలా సాగితే ఉగ్రమని చెప్పే పాత పరీక్ష ఇప్పుడు చాలదు. ఆ ఐయూసీ జన్యువుల్లో ఒకటైన ఐయూసీఏకు పీసీఆర్ చేయడం అంతకంటే నమ్మదగింది. ప్రతి ఊరి ల్యాబ్‌లోనూ చేయమనడం లేదు. రక్తంలో కార్బపెనెమ్‌కు లొంగని క్లెబ్సియెల్లా దొరికినప్పుడైనా పెద్ద ల్యాబులు చేయాలి కదా.

చేసినా ఇచ్చే మందు మారదుగా అంటారు కొందరు. మందు మారకపోవచ్చు, వెతకడం మారుతుంది. కాలేయానికి స్కాన్ తీస్తారు, రోగిని వేరే గదిలో ఉంచుతారు, కంటి డాక్టర్‌ను పిలిపిస్తారు. ఈ ఉగ్ర రకం రక్తంలోంచి కంట్లోకీ పాకుతుంది. చూపు మసకేసిందని రోగి తనంతట తాను చెప్పేసరికి, అసలే వెంటిలేటర్ మీదున్న మనిషి ఏం చెబుతాడు గానీ, ఆ కన్ను దక్కడం కష్టం.